గోపాలపూర్ ఒడ్డున కొత్త లెన్సు

బరంపురం నుంచి గోపాలపూర్ 16 కిలోమీటర్లు. బస్సులో ముప్పావుగంట ప్రయాణం. దారికి ఇరుప్రక్కలా సరుగుడు తోటలు, జీడిమామిడి చెట్లు, ఇసుకదిబ్బల అంచున మొగలిపొదలు. మొగలిపువ్వుకు గంజాం జిల్లా పెట్టినది పేరు. ఇక్కడ తీసిన అత్తరు ఉత్తరదేశపు అంగళ్ళ వరకూ పోతుంది. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఎదుట సముద్రం.

మైసూరు సీమలోను, అరవనాడులోను, బొంబాయి షోలాపూరులలోను స్థిరపడిన మన పాఠకులలో చాలామంది ఈ ఊరి పేరు విని ఉండరు. విన్నవారు కూడా విహారస్థలమనే విని ఉంటారు. గంజాం తెలుగువారికి మాత్రం గోపాలపూర్ ఒక గుమ్మం. ఆ గుమ్మం దాటే మా పెద్దలు రంగూను వెళ్ళారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం సీమ మద్రాసు రాజధానిలో ఉండేది. ఆ రోజులలో గోపాలపూర్ రేవు నుంచి బర్మాకు స్టీమర్లు నడిచేవి. వరికోతలకు, బియ్యపు మిల్లులకు, రేవుపనికి ఒడియావారూ తెలుగువారూ కూడా ఆ ఓడలెక్కి వెళ్ళేవారు. 1942 మార్చిలో రంగూను జపాను సైన్యం వశం కావడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. ఇప్పటి పెద్ద ఓడరేవు ఊరికి ఉత్తరంగా వేరేచోట ఉంది. పాత రేవుకు గుర్తుగా మిగిలినవి ఇసుకలో కూరుకుపోయిన కొన్ని స్తంభాలు, గోదాముల గోడల ముక్కలు, వాటిని ఎరిగిన ముసలివారి జ్ఞాపకాలు.

ఒడ్డున పడవలు నడిపే జాలరులను ఒడియావారు నోలియాలంటారు. ఇంట్లో వారి మాట తెలుగే. ఆ తెలుగు మన పుస్తకాల తెలుగు కాదు. కెరటం మీద పడవ తోసేటప్పుడు పుట్టిన తెలుగు. దూరదేశం నుంచి వచ్చిన మన వాళ్ళెవరైనా ఆ ఒడ్డున నిలబడి చెవి ఒగ్గితే, సొంత ఊరికి వచ్చినట్లు ఉంటుంది.

మేము గోపాలపూర్ పోవడానికి కారణం ఈ రంగూను సంగతే. మన సంఘం తరఫున పాత జ్ఞాపకాల పుస్తకం ఒకటి వేయాలని నిశ్చయమైంది. రంగూను వెళ్ళివచ్చిన కుటుంబాల ఫోటోలు, ఉత్తరాలు, ఓడ టిక్కెట్లు అందులో చేర్చాలి. ఫోటోలు తీసే పని మా పాలబడింది. కెమెరా సంఘానిదే ఉన్నది గాని, దానితో వచ్చిన లెన్సు అరిగిపోయింది. చందాలు పోగుచేసి, కలకత్తాలోని ఒక దుకాణం నుంచి 22,000 రూపాయలు పెట్టి కొత్త లెన్సు పార్సెలులో తెప్పించాము. బుధవారం పార్సెలు అందింది. లోపం ఉన్నట్లయితే పది రోజులలోగా వాపసు తీసుకొంటామని బిల్లు మీద అచ్చువేసి ఉంది.

ఆ శనివారం మధ్యాహ్నం లెన్సు తీసుకొని మాస్టారు, మా బావగారు, మేము ముగ్గురమూ, మాతోబాటు ఒక పెద్దమ్మగారూ బయలుదేరాము. ఆమెకు తొంభై దాటాయి. 1940లో ఆరేళ్ళ పిల్లగా తల్లితోకూడ రంగూను నుంచి వచ్చి ఈ ఒడ్డునే దిగారు. తండ్రి అక్కడే ఉద్యోగంలో ఉండిపోయారు. 1942 తరువాత ఆయన నుంచి ఉత్తరం లేదు. ఆమె దిగిన చోట ఆమెను నిలబెట్టి ఫోటో తీయాలని మా కోరిక. ఫాల్గుణం దాటితే మనుమడి వద్దకు బెంగుళూరు వెళ్ళిపోతున్నారు. మళ్ళీ ఈ సముద్రం చూస్తారో లేదో ఆమెకే తెలియదు.

పాత గోడ ప్రక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాము. ఆమె సముద్రం వంక చాలాసేపు చూసి అన్నారు: "ఓడ అల్లక్కడ ఆగేదిరా నాయనా. అక్కణ్ణించి పడవలో రావాలి. కెరటం మీద పడవ లేచినప్పుడల్లా మా అమ్మ నన్ను కొంగులో చుట్టేసేది. ఒడ్డు రాగానే ఒక నోలియా నన్ను భుజాన వేసుకొని దింపాడు. వాడి ఒంటి మీది ఉప్పు నా పెదవులకు తగిలింది. ఆ రుచి ఇంకా ఉంది."

ఈ మాటలు ఆమె చెపుతూ ఉండగా ఫోటోలు తీశాము. ప్రొద్దు వాలేవేళ. కొన్ని ఫోటోలు వెలుగుకు ఎదురుగా నిలబడి కూడా తీశాము. తూర్పుతీరం గనుక సూర్యుడు ఊరివైపు దిగుతాడు. ఆమె వెనుక గోడ, గోడమీదుగా ఎండ నేరుగా లెన్సులోకి పడుతున్నది. గాలి బలంగా ఉంది. లెన్సు ముఖం మీద తడి చేరినట్లు కనిపించి బావగారు భుజాన ఉన్న తువ్వాలు అందుకొన్నారు. వల సర్దుకొంటున్న ఒక జాలరి కేక వేశాడు.

"ఏటి బాబూ ఆ పని! తువ్వాలెట్టి తుడిస్తే ఇసక గీసేస్తాది. ఉప్పుని కడగాల గాని తుడవకూడదు."

బావగారు చెయ్యి వెనక్కు తీసుకొన్నారు. లెన్సుకు మూత పెట్టి ఇంటికి వచ్చేశాము.

రాత్రి ఫోటోలు పెద్దవిచేసి చూస్తే మా ప్రాణం చివుక్కుమంది. ఎండ మా వీపున ఉండగా తీసినవన్నీ బాగున్నాయి. ఎండకు ఎదురుగా తీసినవాటిలో మాత్రం పాలు కలిపిన నీళ్ళలాగ తెల్లని తెర, ఆ తెరలో గుండ్రని మసక చుక్కలు. పెద్దమ్మగారు సముద్రం సంగతి చెప్పిన ఫోటోలు సరిగ్గా అవే. లెన్సు తీసి దీపం దగ్గర చూస్తే ముందు అద్దం మీద రెండు మూడు మసక మచ్చలు. మూడు రోజుల క్రిందట పెట్టె విప్పిన లెన్సు!

ఆదివారం తెల్లవారి మళ్ళీ చూశాము. మచ్చలు లేవు! అద్దం మీద సన్నని తడిపొర తప్ప ఏమీ కనిపించలేదు. సరే, పోయిందనుకొన్నాము. మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే డజను తెల్లని వలయాలు లేచి ఉన్నాయి, ముగ్గుపిండి చుక్కల్లాగ. పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చే దెబ్బ ఎక్కడైనా ఉంటుందా? మాస్టారు నవ్వి, "ఇది దెబ్బ కాదోయ్, జ్వరం. వస్తోంది, పోతోంది" అన్నారు.

లెన్సు పట్టుకొని మా వీధి చివరి స్టూడియో బాబాయిగారి వద్దకు వెళ్ళాము. నలభైయేళ్ళుగా ఆయనకు అదే పని. ఫిల్ము కడిగిన చేతులు. ఆయన లెన్సును ముట్టుకోకుండానే ముందు ప్రశ్నలడిగారు. ఎప్పుడు కనిపించింది? ఏ వెలుగులో? అన్ని ఫోటోలలోనూ మచ్చ ఒకేచోట ఉందా? పాత లెన్సు తగిలిస్తే వస్తోందా?

"చూడండి గుమాస్తాగారూ," అన్నారు, "మచ్చ ఎక్కడుందో తేల్చకుండా లెన్సును నిందించకూడదు. ప్రతి ఫోటోలో ఒకేచోట చిన్న నల్ల చుక్క పడిందంటే అది కెమెరా లోపల సెన్సారు మీద దుమ్ము. రంధ్రం చిన్నది చేసి, ఎఫ్ 16లో ఆకాశాన్ని తీస్తే అది ఇంకా స్పష్టమవుతుంది. లెన్సు మార్చినా ఆ చుక్క పోదు. మీది అట్లాంటిది కాదు. ఎండ ఎదురుగా ఉన్నప్పుడే తెర వస్తోంది. అంటే అద్దం మీదనో అద్దాల మధ్యనో ఏదో వెలుగును చెదరగొడుతోంది."

పాత లెన్సు తగిలించి, బల్ల దీపాన్ని ఎదుట పెట్టి ఒక ఫోటో తీశారు. తెర లేదు. కొత్తది తగిలించారు. తెర వచ్చింది. కెమెరా దోషం కాదని తేలింది.

తరువాత వలయాల పని పట్టారు. ఆయన గోడకు గాలిలోని చెమ్మ కొలిచే చిన్న యంత్రం ఒకటి వ్రేలాడుతుంది. ఆ మధ్యాహ్నం అది నూటికి 54 చూపుతోంది. తెల్లవారుజామున 88 చూపిందని ఆయన చెప్పారు. ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో చెమ్మ నూటికి 75 దాటితే ఉప్పు ఆ చెమ్మను పీల్చుకొని తానే నీరైపోతుంది. చెమ్మ తగ్గితే మళ్ళీ గడ్డకడుతుంది. వానకాలంలో మన వంటింటి ఉప్పుజాడీ చెమర్చేది ఇందుకే. మా లెన్సు మీది మచ్చలు పొద్దున మాయమై మధ్యాహ్నం లేచినది కూడా ఇందుకే.

అయినా అనుమానం మిగలకూడదని ఆయన ఒక దూదిపుల్లను డిస్టిల్డు వాటరులో తడిపి, ఒక వలయానికి ఆనించి, ఆ తడిని శుభ్రమైన గాజుపలక మీద ఒక బొట్టుగా పెట్టారు. బొట్టు ఆరింది. గడియారాలు బాగుచేసేవారి భూతద్దం కంటికి తగిలించి చూడమన్నారు. చిన్న చిన్న చదరపు పలుకులు, గళ్ళ నోటుపుస్తకం చింపి చల్లినట్లు! ఉప్పు గడ్డకట్టితే అట్లా చదరంగానే కడుతుంది. ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు.

జాలరి చెప్పిన మాట ఆయనకు చెప్పాము. "అతను నాకంటె బాగా చెప్పాడు" అన్నారు. వస్తువుల కాఠిన్యానికి 1812లో మోస్ అనే జర్మను పండితుడు ఒక కొలత ఏర్పరచాడు. ఆ కొలతలో ఉప్పు రెండున్నర లోపు, గాజు అయిదున్నర దరిదాపు, ఇసుకలోని పలుగురాయి ఏడు. గోపాలపూర్, ఛత్రపూర్ తీరపు ఇసుకలో గార్నెట్ రాతిపలుకులు కూడా ఉన్నాయి. అవీ గాజుకంటె గట్టివే. ఉప్పు తనంతట తాను గాజును గీయలేదు. ఉప్పుతో అంటుకొని ఉన్న ఇసుకరేణువును తువ్వాలుతో రుద్దితే అది గీస్తుంది. ముందు రబ్బరుబుర్రతో గాలి ఊది రేణువులు పోగొట్టాలి, తరువాత డిస్టిల్డు వాటరుతో ఉప్పును కరిగించాలి, చివరకు మెత్తని గుడ్డ తాకించాలి. ఆ వరసనే చేశారు. పది నిమిషాలలో వలయాలన్నీ పోయి అద్దం తళతళలాడింది.

మేము లెన్సు అందుకోబోయాము. "ఉండండి" అని ఆయన మళ్ళీ బల్ల దీపం ఎదుట ఒక ఫోటో తీశారు. తెర తగ్గింది గాని పోలేదు.

గది తలుపులు మూశారు. లెన్సు రంధ్రాన్ని పూర్తిగా తెరచి, వెనుకనుంచి టార్చిలైటు వాలుగా పట్టి, ముందునుంచి చూడమన్నారు. లోపల ఒక అద్దం అంచున సాలెగూటి పోగుల్లాంటి సన్నని కొమ్మలు. ఒక మొదట నుంచి పుట్టి, చీలి, మళ్ళీ చీలి ఉన్నాయి. లెన్సును అటూయిటూ వంచితే ముందు అద్దపు అంచుకూ ఆ పోగులకూ ఎడం మారుతోంది. పైన ఉన్న మచ్చ అయితే అట్లా జరగదు. ఇది లోపలి సంగతి.

"దుమ్మయితే చుక్కలుగా ఉంటుంది. అద్దాలను అతికించిన జిగురు విడిపోతే అంచున ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. నూనె ఆవిరి పడితే అంతటా ఒకే మసక. ఇట్లా కొమ్మలు వేసేది ఒక్కటే, బూజు" అన్నారు బాబాయిగారు. తరువాత ట్యూబులైటు నీడను లెన్సులో చూపించారు. అద్దం మీద ఊదా, ఆకుపచ్చ కాంతులు కనిపిస్తున్నాయి. వెలుగు వృథాగా వెనక్కు తిరిగిపోకుండా అద్దాలకు వేసే సన్నని పూత అది. 1935లో జర్మనీలోని జైస్ కంపెనీలో స్మకులా అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. పూతలేని గాజు ఒక్కొక్క ముఖాన నూటికి సుమారు నాలుగు వంతుల వెలుగును త్రిప్పికొడుతుంది. బూజు పోగులున్నచోట ఆ ఊదారంగు లేదు, వెలవెలబోయింది. బూజు ఊరకే కూర్చోదు, పులుసు విడుస్తుంది. ఆ పులుసు పూతను తింటుంది. "ఇప్పుడు బూజు తుడిచినా తిన్న పూత తిరిగి రాదు" అన్నారు.

బూజు ఒక్క రోజులో పట్టేది కాదు. గాలి కదలని చీకటి, విడవని చెమ్మ, కొన్ని వారాలో నెలలో కావాలి. మా చేతికి లెన్సు వచ్చి అప్పటికి నాలుగు రోజులు.

సోమవారం దుకాణానికి ఫోను చేశాము. అటునుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఎక్కడ వాడారు దాదా?" గోపాలపూర్‌లో అన్నాము. "సముద్రం ఒడ్డున వాడి మమ్మల్ని అడిగితే ఎట్లా? ఉప్పుగాలి దెబ్బ. అది మా పూచీ కాదు." ఫోను పెట్టేశారు.

పాఠకులకు ఒక మాట చెప్పాలి. మేము ఇరవైయేళ్ళుగా ఫైళ్ళ మధ్య ఉన్నవాళ్ళము. ఒక నష్టానికి రెండు కారణాలున్నప్పుడు, కంటికి కనబడే కారణం మీద రెండవదాన్ని కూడా వ్రాసివేయడం మేము రోజూ చూసే విద్య. గోదాములో పది బస్తాలు తక్కువైతే రెండు ఎలుకలు తిన్నవి, ఎనిమిది మనుషులు తిన్నవి. ఫైలులో పదీ ఎలుకలవే. ఇక్కడ సముద్రాన్ని ఎలుకను చేశారు.

ఊరుకోదలచలేదు. సంఘం సొమ్ము, ఇంటింటా యాభై, వంద చొప్పున ఇచ్చినది. ఆ సాయంకాలమే ఆఫీసు వదలగానే గోపాలపూర్ వెళ్ళాము. బాబాయిగారిచ్చిన మూడు గాజుపలకలలో ఒకటి శనివారం కూర్చున్నచోటనే సముద్రానికి ఎదురుగా గంటసేపు పట్టుకొన్నాము. రెండవది మా ఇంటి మిద్దె మీద గంటసేపు ఉంచాము. మూడవది డబ్బాలోనే ఉంచాము. మంగళవారం మధ్యాహ్నం మూడింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒడ్డున పట్టిన పలక మీద అవే తెల్లని వలయాలు. తక్కిన రెండూ శుభ్రం. పోగులు దేని మీదా లేవు.

ఆ గంటసేపూ గోడ ప్రక్కన నిలబడి ఉండగా గోడను కూడా కొత్త కంటితో చూశాము. ఉప్పు చెమ్మలో కరిగి ఇటుకలోనికి పోతుంది, ఎండకు గడ్డకట్టి లోపల ఉబ్బుతుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. లెన్సు మీద ఒక్క రోజులో జరిగినదే గోడలో ఏళ్ళ తరబడి జరుగుతోంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఈ ఊరి దగ్గరే తీరం దాటింది. దాని దెబ్బ వేరు. కాని మేము చూసిన గోడలో ఒకచోట ఇటుకలు వరసగా, గునపంతో లాగినట్లు మాయమై ఉన్నాయి. ఒకచోట మేకుతో గీసిన పేర్లు. కెరటానికి గునపం లేదు, చేవ్రాలు లేదు. గోడ కూలితే అంతా సముద్రం పొట్టన పెట్టుకొందని అనడం తేలిక. సముద్రం ఎదురు చెప్పదు గదా.

ఆ మధ్యాహ్నమే ఒక కాగితం మీద నోటు వ్రాశాము. ఒకటి: ముందు అద్దం పైన చేరినది ఉప్పు. అది సముద్రానిది. నీళ్ళతో కడిగితే పోయింది, నష్టం లేదు. రెండు: లోపలి అద్దం మీద ఉన్నది బూజు. అది పెరగడానికి వారాలు పడుతుంది. లెన్సు మాకు అందినది బుధవారం. పార్సెలు రసీదు ఇదిగో. మూడు: బూజు పూతను తిన్నది గనుక శుభ్రం చేస్తే చాలదు, మార్చి ఇవ్వాలి. టార్చిలైటు వెలుగులో బాబాయిగారు తీసిన ఫోటోలు, మూడు గాజుపలకలు జతపరచి, ఒక రోజు సెలవు పెట్టి, మంగళవారం రాత్రి హౌరా బండి ఎక్కాము.

బరంపురం నుంచి హౌరా సుమారు 600 కిలోమీటర్లు. తెల్లవారేసరికి బెంగాలు చెరువులు, కిటికీలో అరటితోటలు. హౌరాలో దిగి, 2024 మార్చిలో తెరచిన మెట్రోబండి ఎక్కాము. అది హుగ్లీ నది అడుగునుంచి పోతుంది. పైన ఓడలు, క్రింద మనము! కొద్ది నిమిషాలలో ఎస్ప్లనేడులో తేలాము. 2001 నుంచి కోల్‌కతా అని వ్రాస్తున్నా మా నోట ఇప్పటికీ కలకత్తాయే. ఆ పేటలో కెమెరా దుకాణాలకు, వాటిని బాగుచేసే మిస్త్రీలకు కొరత లేదు. చేతివేలంత మరలు, గోరంత అద్దాలు, వాటి మీద వంగిన తలలు.

యజమాని నోటు చదవలేదు. "సముద్రం" అన్న మాట దగ్గరే ఆగిపోయారు. మేము గొంతు పెంచలేదు. గాజుపలకలు బల్ల మీద పెట్టి, "మీ మిస్త్రీని పిలవండి, ఆయన ఏమంటే అదే" అన్నాము. లోపలినుంచి ఒక వృద్ధుడు వచ్చారు. మాకు బెంగాలీ రాదు గాని, ఒడియాకూ బెంగాలీకీ అక్కచెల్లెళ్ళ వరస. నెమ్మదిగా మాట్లాడితే ఒకరిదొకరికి తెలుస్తుంది. ఆయన ఉప్పు వలయాలను చూసి తల ఊపారు. టార్చి వేసి లెన్సు లోపల చూశారు. పెట్టె మీది నంబరూ లెన్సు మీది నంబరూ పోల్చారు. రెండూ ఒకటే. అప్పుడు యజమాని వంక తిరిగి, మెల్లగా అన్నారు:

"ఇది మన అద్దాల బీరువాలో చూపించడానికి పెట్టినది గదా బాబూ. రెండు వానకాలాలు అక్కడే ఉంది."

దుకాణంలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తన అన్నం పెట్టే చోట నిలబడి ఆ మాట అనడం ఆ ముసలాయనకు తేలిక అయి ఉండదు. యజమాని కూడా కాని మనిషి కాదు. టీ తెప్పించారు, కొత్త పెట్టె ఒకటి దింపించారు. మిస్త్రీగారే మా ఎదుట సీలు విప్పి, టార్చి వేసి చూపించారు. లోపల అద్దాలు వెన్నెల రాత్రి చెరువులాగ ఉన్నాయి. తిరుగుబండికి ఇంకా వేళ ఉండగానే పని ముగిసింది.

ఆ తరువాతి ఆదివారం పెద్దమ్మగారిని మళ్ళీ గోపాలపూర్ తీసుకువెళ్ళాము. లెన్సు ముందు ఒక సాదా అద్దపు మూత బిగించాము; ఉప్పు చేరితే మూత మీద చేరుతుంది, దాన్ని విప్పి కడుక్కోవచ్చు. ఉదయం తొమ్మిది గంటల వెలుగులో ఆమె ముఖంలోని ప్రతి గీతా పడింది. ఆమె వెనుక గోడ, మేకుతో గీసిన పేర్లతో సహా పడింది. ఆ పేర్లను చెరపవలసిందని మాస్టారన్నారు గాని, ఉంచాలనే అనుకొన్నాము. ఎవరి పని ఏదో తరువాత చూసేవారికి తెలియాలి గదా.

లెన్సు కొనే పాఠకులకు మా అనుభవంలో తేలిన నాలుగు మాటలు. పెట్టె రాగానే చీకటి గదిలో టార్చి వేసి లోపల చూడండి. బిల్లు, పార్సెలు రసీదు దాచండి. సముద్రపు ఒడ్డున లెన్సు మార్చకండి. ఇంటికి వచ్చాక ఊది, తడిపి, ఆ తరువాతనే తుడవండి. తీరపు ఊళ్ళలో ఉన్నవారు లెన్సును తోలు సంచిలో బీరువా అడుగున పెట్టకండి. గట్టి మూత ఉన్న డబ్బాలో, రంగు మారే సిలికా జెల్ పొట్లాలతో, చెమ్మ 40కీ 50కీ మధ్య ఉండేటట్లు ఉంచండి. బియ్యపు డబ్బాలో పెట్టమనే సలహా వినకండి. తవుడు దుమ్ము లోపలికి పోతుంది.

మీ ఇళ్ళలో రంగూను ఓడ టిక్కెట్టో, ఉత్తరమో, పడవ దిగిన పెద్దల ఫోటోయో ఉంటే సంఘానికి ఒక కార్డు ముక్క వ్రాయండి. అసలు కాగితం పంపనక్కరలేదు. మేమే లెన్సు తీసుకొని వస్తాము. మసకబారినా, చెదలు తిన్నా, మడతలో చిరిగినా పారవేయకండి. ఆ మచ్చలు కూడా చదవవలసినవే.